ముందు నువ్వు చెప్పు

నాకు కెమెరా పట్టడం నేర్పింది మా బాబాయి. ఆయన దగ్గర పెంటాక్స్ కె1000 ఉండేది. దాన్ని వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ కెమెరాలో వెలుతురు కొలిచే మీటరును ఆపడానికి వేరే మీట ఉండదు. లెన్సు మీద మూత పెడితే మీటరు నిద్రపోతుంది, తీస్తే మేలుకుంటుంది. మూత లేకుండా బల్ల మీద వదిలేస్తే లోపలి బిళ్ల బ్యాటరీ తనంతట తానే అయిపోతుంది. 1990ల మొదట్లో ఆ కెమెరా నా చేతికి వచ్చేసరికి బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉంది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌లో కుడిపక్కన మీటరు తాలూకు సన్నటి ముల్లు ఒకటి కనిపించేది గానీ, ఎండలోకి తిప్పినా చీకట్లోకి తిప్పినా అది కదిలేది కాదు.

కొత్త బ్యాటరీ వేయమని అడిగితే బాబాయి నవ్వారు. "షట్టరు నడవడానికి దానికి బ్యాటరీ అక్కర్లేదమ్మా. నీకెందుకు?" అన్నారు.

అలా మొదలైంది ఆ ఆట. గదిలోకి అడుగుపెట్టగానే, వరండాలోకి రాగానే, చెట్టు కింద ఆగగానే ఆయన నా వైపు తిరిగి "ఎంత?" అని అడిగేవారు. నేను చుట్టూ చూసి "అరవైలో నాలుగు, బాబాయ్" అనేదాన్ని. షట్టరు తెరుచుకునేది సెకనులో అరవయ్యో వంతు, లెన్సులో వెలుతురు వచ్చే కంత, అంటే అపర్చరు, ఎఫ్4 అని అర్థం. ఎఫ్ అంకె పెరిగే కొద్దీ కంత చిన్నదవుతుంది. కెమెరాలో ఎప్పుడూ 400 ఫిలిమే (వెలుతురును అందుకోవడంలో దాని వేగం ఆ అంకె) ఉండేది కాబట్టి ఆ మాట చెప్పుకునే పని లేదు. అప్పుడు ఆయన జేబులోంచి చేతి మీటరు తీసేవారు. దాని తెల్లటి బుడిపెను నా ముఖం దగ్గర పెట్టి, అంకెలు చూసి, "ముప్పైలో రెండు పాయింట్ ఎనిమిది. రెండు స్టాపులు అండర్ చెప్పావు" అనేవారు. స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో అయ్యే ఒక మెట్టు. నేను చెప్పిన లెక్కతో ఫిలింకు వెలుతురు చాలదని ఆయన మాట. ఆ మీటరును నా చేతికి మాత్రం ఇచ్చేవారు కాదు. "చూపించు బాబాయ్" అంటే "ముందు నువ్వు చెప్పు" అన్నదే జవాబు.

ఆ రోజుల్లో నాకు ఇది పెద్దవాళ్ల చాదస్తంలా అనిపించేది. యంత్రం చెప్పగలిగిన సంగతి నేనెందుకు చెప్పాలి?

ఎండలో చెప్పడం తేలికే. ఫిలిం పెట్టె మీదో, లోపలి కాగితం మీదో చిన్న చిన్న బొమ్మలు అచ్చువేసి ఉండేవి. నిండు సూర్యుడు, పల్చటి మబ్బు, దట్టమైన మబ్బు, నీడ, ఒక్కో బొమ్మ కింద ఒక్కో అపర్చరు. నిండు ఎండలో ఎఫ్16 పెట్టుకుని, షట్టరును ఫిలిం వేగానికి దగ్గరి అంకెలో ఉంచితే చాలు. 400 ఫిలింకు 500, అంటే సెకనులో అయిదువందలో వంతు. మబ్బు కమ్ముతున్న కొద్దీ పదకొండు, ఎనిమిది, అయిదు పాయింట్ ఆరు అని దిగుతూ రావాలి. ఇది ఒక పూటలో నోటికి వస్తుంది.

చిక్కంతా నాలుగు గోడల మధ్యే. కన్నంత అబద్ధాలకోరు మరొకటి లేదు. ఎండలోంచి గదిలోకి వస్తే క్షణంసేపు చీకటిగా అనిపిస్తుంది, ఆ తర్వాత అంతా మామూలే. గది కాస్త మసకగా ఉందనుకుంటాం అంతే. నిజానికి నిండు ఎండకూ, కిటికీ పక్కన కూర్చున్న మనిషి ముఖం మీది వెలుతురుకూ మధ్య ఎనిమిది స్టాపుల తేడా మామూలుగా ఉంటుంది. ఒక్కో స్టాపుకు వెలుతురు సగం అవుతుంది కాబట్టి ఎనిమిది స్టాపులంటే 256 రెట్లు తక్కువ. కనుపాప విప్పారి, లోపలి పొర సర్దుకుని, ఇంత తేడానూ మన దాకా రానివ్వకుండా దాచేస్తాయి. ఫిలిం అలా సర్దుకోదు.

అందుకని కన్ను చెప్పే మాట నమ్మకుండా, వెలుతురు వదిలే ఆనవాళ్లు చూడమనేవారు బాబాయి. గోడ మీద చేతి నీడ అంచు పదునుగా ఉందా, కరిగిపోయిందా? కిటికీ నుంచి గది మధ్యకు రావడంలో ముఖం ఎక్కడ నల్లబడడం మొదలైంది? బల్బు వెలుతురులో అయితే ఇంకో లెక్క ఉంది. బల్బుకూ మనిషికీ మధ్య దూరం రెట్టింపైతే మీద పడే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. చదువుకునే బల్ల దగ్గర దీపం కింద ఉన్న చేతులకూ, కాస్త పైనున్న ముఖానికీ మధ్య రెండు స్టాపుల తేడా ఉండడం ఎంతమాత్రం వింత కాదు. భౌతికశాస్త్రం పుస్తకంలో మార్కుల కోసం బట్టీపట్టిన సూత్రం అది. దానికి మనుషుల ముఖాలతో పని ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఒక నోటుపుస్తకం కూడా ఉండేది. ఇప్పటి కెమెరాల్లా అప్పుడు ఫోటోతో పాటే షట్టరు, అపర్చరు, తేదీ నమోదయ్యేవి కావు. అందుకని ఫ్రేము నంబరు, షట్టరు, అపర్చరు అని గళ్లు గీసుకున్నాను. ఆ పుస్తకం చూసి బాబాయి ఇంకో రెండు గళ్లు గీయించారు. "ఏమి రావాలి" అని ఒకటి, "ఏమి వచ్చింది" అని ఒకటి. మొదటిది క్లిక్కు నొక్కక ముందే నింపాలి. రెండోది ప్రింటు చూశాక.

ఒక వరుస ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. మా నానమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. "ఏమి రావాలి" గడిలో నేను రాసింది ఇది: "కిటికీ వైపు చెంప తెల్లగా, అవతలి చెంప దాదాపు నల్లగా, ఆ నలుపులో కన్ను మాత్రం కనపడాలి." ప్రింటు వచ్చాక "ఏమి వచ్చింది" గడిలో రాసింది: "రెండు చెంపలూ ఒకటే బూడిద. కన్ను సరే." ఎక్స్‌పోజరు, అంటే ఫిలింకు అందిన వెలుతురు, సరిగ్గానే ఉంది, తప్పు అక్కడ లేదు. నానమ్మకు అవతలి పక్కన సున్నం వేసిన గోడ ఉంది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు ఆ గోడకు తగిలి తిరిగొచ్చి నీడనంతా నింపేసింది. ఫోటో తీసినంతసేపూ ఆ గోడ నా ఎదురుగానే ఉంది, నాకు కనిపించనే లేదు. మర్నాడు ఆ గోడకు ముదురు రంగు దుప్పటి వేలాడదీసి, నానమ్మ విసుక్కుంటున్నా మళ్లీ అక్కడే కూర్చోబెట్టాను. ఈసారి నీడ నీడలా వచ్చింది. తెల్లగోడ నీడను నింపేస్తుందని చెప్పే పాఠాలు ఎన్ని చదివినా ఆ దుప్పటి చేసిన పని చేయవు.

కొంతకాలానికి బాబాయి తనంతట తానే బ్యాటరీ వేసి ఇచ్చారు. తీరా చూస్తే ముల్లు చెప్పేదీ అంచనాయే! కెమెరాలోని మీటరుకు ఎదురుగా ఉన్నది మనిషా, గోడా, కుక్కా అన్నది తెలియదు. ఎదుట ఉన్నదంతా కలిపితే ఒక నడిమి బూడిద రంగు అవుతుందని, అంటే మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిప్పికొడుతుందని అనుకుని లెక్క చెబుతుంది. నల్లకుక్కను ఫ్రేము నిండా పెట్టి ముల్లు మాట విన్నామో, బూడిద కుక్క వస్తుంది. తెల్లగోడను పెడితే మురికిగోడ వస్తుంది. అప్పటికే నా మనసులో ఒక అంకె ఉండడం వల్ల ముల్లుతో వాదించగలిగాను. ఆ అంకె లేకపోయుంటే దాని మాటే వేదం అనుకునేదాన్ని.

డార్క్‌రూం అంటే పెద్దదేమీ ఊహించుకోకండి, స్నానాల గదే. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, ఎర్ర బల్బు పెట్టి, ట్రేలు వరసగా సర్దేవాళ్లం. డెవలపర్‌లో కాగితం మీద బొమ్మ తేలి రావడం గురించి ఇప్పటికే చాలామంది చాలా అందంగా రాశారు, నేను దాన్ని వదిలేస్తాను. నాకు పనికొచ్చింది ఇంకో సంగతి. తడిగా ఉన్న ప్రింటులో తెలుపులు మెరుస్తాయి, నీడల్లో వివరాలు కనిపిస్తాయి. అదే కాగితం ఆరాక ఒక వాసి నల్లబడుతుంది. నేను ట్రేలోంచి ఎత్తి పట్టుకుని మురిసిపోతుంటే బాబాయి అనేవారు, "తడి మీద అన్ని ఫోటోలూ బాగుంటాయి. రేపు చూడు." ఆరిన తర్వాత ఎంత నల్లబడుతుందో ముందే అంచనా వేసి, బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద ఆ మేరకు సెకన్లు తగ్గించడం కూడా మళ్లీ అదే ఆట.

ఇంతకంటే ఎక్కువ బుద్ధి చెప్పింది కాంటాక్ట్ షీటు. రీలును ఒక్కోదాంట్లో ఆరు ఫ్రేములుండే ముక్కలుగా కత్తిరించి, ఆరు ముక్కలనూ ఒకే కాగితం మీద పరిచి ప్రింటు తీస్తే ముప్పై ఆరు బొమ్మలూ ఒక్కచోట చిన్నచిన్నగా కనిపిస్తాయి. భూతద్దం పెట్టుకుని చూడాలి. అందులో ఫోటోలు ఎలా వచ్చాయన్న దాని కంటే, తీసిన మనిషి ఎలా నిలబడిందన్నది స్పష్టంగా తెలుస్తుంది. పిల్లలు ఆడుకుంటున్న ఒక రీలులో వరసగా ఒక వరుసన్నర పొడుగునా వెనక ఉన్న స్తంభం సరిగ్గా అదే చోట ఉంది. పిల్లలు మారారు, ఆట మారింది, నేను మాత్రం పాతుకుపోయాను. బాబాయి ఎర్ర పెన్సిల్‌తో ఆ స్తంభాలన్నింటినీ కలుపుతూ ఒక గీత గీశారు. ఒక్క మాటా అనలేదు. ఎంచుకున్న ఫ్రేముల చుట్టూ గీయడానికి ఉద్దేశించిన పెన్సిల్ అది.

ఇప్పుడు ఒక్కో కార్యక్రమంలో వందల ఫోటోలు తీసి ఇంటికి వచ్చే పిల్లలు కాంటాక్ట్ షీటు లాంటిది చూసుకోరు. ఒక్కో ఫోటోను తెర నిండా పెద్దది చేసి చూస్తారు, బాగున్నది ఉంచి మిగిలినవి తీసేస్తారు. ఆ తీసేసిన వాటిలోనే ఉంటుంది తీసినవాళ్ల నడక. నా మాట వింటే, చెడిపోయిన ఫోటోలను కనీసం ఒక నెల దాకా చెరపవద్దంటాను. కంప్యూటర్‌లో అన్నింటినీ చిన్న బొమ్మలుగా పరిచి ఒకసారి దూరం నుంచి చూడండి.

అద్దం సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. బాబాయి పెంటాక్స్ లాంటి ఆ తరం ఎస్సెల్లార్ కెమెరాల్లో లెన్సు వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. మనం వ్యూఫైండర్‌లో చూసేది దాని మీది ప్రతిబింబాన్నే. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి వెలుతురును ఫిలిం మీదికి వదులుతుంది. ఆ క్షణం వ్యూఫైండర్ మొత్తం నల్లబడుతుంది. దీని అర్థం ఏమిటో బాబాయి చెప్పినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఫిలిం మీద పడిన క్షణాన్ని తీసినవాళ్లు చూడనే చూడరు. పకపకా నవ్వుతున్న ముఖాన్ని వ్యూఫైండర్‌లో స్పష్టంగా చూశామంటే, ఆ నవ్వు ఫిలిం మీద లేనట్టే.

దాంతో నవ్వును కాక, నవ్వుకు ముందు వచ్చేదాన్ని చూడడం మొదలుపెట్టాను. పెద్దగా నవ్వబోయే మనిషి అంతకుముందు ఊపిరి తీసుకుంటాడు. భుజాలు రవ్వంత పైకి లేస్తాయి. కొందరికి గడ్డం ముందు కదులుతుంది. మా నాన్నకు కళ్లు మూతపడతాయి, అందుకే ఆయన నవ్వుతున్న ఫోటోల్లో నిద్రపోతున్నట్టు ఉంటారు. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఇందులో చేయి తిరగడానికి, షట్టరు, అపర్చరులకు పట్టిన కాలానికి ఎన్నో రెట్లు పట్టింది. కెమెరా లేకుండా కూడా చేయగలిగిన సాధన ఇది. బస్సులో, పెళ్లిలో, ఎవరి ఎదురుగా కూర్చున్నా "ఇప్పుడు" అని మనసులో అనుకుని, అనుకున్న క్షణానికీ నవ్వు వచ్చిన క్షణానికీ మధ్య ఎంత తేడా ఉందో చూసుకోవచ్చు. పక్కనున్నవాళ్లు మాత్రం మనల్ని అదోలా చూస్తారు.

ఎంత సాధన చేస్తే మంచి ఫోటోగ్రాఫర్ కావచ్చని అడిగేవాళ్లలో చాలామందికి, దేనిలోనైనా మేటి కావాలంటే పదివేల గంటల సాధన కావాలన్న మాట తెలుసు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే నాకు బాబాయి గుర్తుకొస్తారు. ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, ఆయన సహచరులు బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకుంటున్న విద్యార్థులను పరిశీలించి 1993లో ఒక పరిశోధన ప్రచురించారు. అందరికంటే మేటి బృందం ఇరవై ఏళ్ల వయసుకు ఒంటరిగా చేసిన సాధన సగటున పదివేల గంటలు దాటింది. సగటు అంటే కొందరిది అంతకంటే తక్కువే. 2008లో ఒక ప్రసిద్ధ పుస్తకం దాన్ని అందరికీ వర్తించే సూత్రంలా చెప్పేసరికి అంకె ఊరంతా తిరిగింది. ఆ ప్రచారం తన పరిశోధనకు సరిపోదని ఎరిక్సన్ తర్వాత గట్టిగానే చెప్పారు. ఆయన పట్టుబట్టింది గంటల మీద కాదు. ఒక లక్ష్యం పెట్టుకుని చేయడం, చేసింది దానికి ఎంత దూరంలో ఉందో వెంటనే తెలుసుకోవడం, ఆ దూరాన్ని తగ్గించేలా మళ్లీ చేయడం, ఇదీ ఆయన చెప్పిన సాధన. నా నోటుపుస్తకంలోని రెండు గళ్లు కూడా అంతే కదా.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ అన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో తీసిన చంద్రోదయం ఫోటో కథ చాలామందికి తెలిసే ఉంటుంది. కారులో వెళుతూ ఒక చిన్న ఊరిపై చంద్రుడు లేవడం, శ్మశానంలోని తెల్లటి శిలువల మీద సాయంత్రపు చివరి వెలుతురు పడడం చూశాడు. హడావుడిగా కెమెరా నిలబెట్టాడు గానీ మీటరు దొరకలేదు. చంద్రబింబం వెలుగు ఎంత ఉంటుందో, చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని, ఆయనకు గుర్తుంది. దాని మీద లెక్క కట్టి ఎక్స్‌పోజరు ఇచ్చాడు. రెండో ప్లేటు సిద్ధం చేసేలోపే శిలువల మీది వెలుతురు పోయింది. దీన్ని అదృష్టమని చెప్పుకునేవాళ్లున్నారు. చంద్రుడి వెలుగును అంకెగా గుర్తుపెట్టుకున్న మనిషికి అదృష్టంతో ఎంత పని? పైగా ఆయన కుర్రతనంలో కచేరీలు చేసే పియానో వాద్యకారుడు కావాలని ఏళ్ల తరబడి సాధన చేసినవాడు.

డిజిటల్ కెమెరా వచ్చాక నా క్లిక్కులు విపరీతంగా పెరిగాయి. ఇందులో చాలా కెమెరాలు తమ షట్టరు ఎన్నిసార్లు తెరుచుకుందో లోపల లెక్క రాసుకుంటాయి. పాత కెమెరా కొనేవాళ్లు మొదట అడిగేది ఆ అంకెనే. కెమెరా అరుగుదలకు అది కొలమానమే గానీ, దాన్ని వాడిన మనిషి ఎంత నేర్చుకున్నదీ అందులో తెలియదు. నాకైతే మొదట్లో అంచనా కట్టే అలవాటు పూర్తిగా వదిలిపోయింది. నొక్కడం, తెర చూడడం, మార్చడం, మళ్లీ నొక్కడం. ఫోటోలు బాగానే వచ్చేవి. అయితే నేను మాత్రం ఎదగలేదు.

అలాగని ఫిలిం రోజులే బంగారమని నేను అనను. రీలు అయిపోయి, కడిగి, ప్రింటు వేసేసరికి వారాలు గడిచేవి. ఈలోగా వెలుతురు ఎలా ఉండిందో సగం మరిచిపోయేవాళ్లం. జవాబు రెండు సెకన్లలో తెలియడం కంటే సాధన చేసేవాళ్లకు ఏం కావాలి? కాకపోతే జవాబు కంటే ముందు ప్రశ్న వేసుకుని ఉండాలి. మా అక్క కూతురు కొత్త కెమెరా కొనుక్కుని "ఇంకా ఎన్ని ఫోటోలు తీస్తే బాగా వస్తాయి పిన్నీ?" అని అడిగినప్పుడు నేను చేసిందల్లా తెర మీద ఒక నల్లకాగితం అంటించడమే. ప్రతి క్లిక్కుకు ముందు ఏమి వస్తుందో పైకి చెప్పాలి, ఆ తర్వాతే కాగితం ఎత్తాలి. బాబాయి దగ్గర నాకు ఒక ఏడాది పట్టినది, ఆ పిల్లకు కొన్ని వారాల్లోనే వచ్చింది. కాస్త అసూయపడ్డాను కూడా.

ఇక ఎంచుకోవడం. దీనికి కూడా సాధన ఉంటుందని మొదట్లో ఎవరూ నమ్మరు. రాబర్ట్ ఫ్రాంక్ అనే ఫోటోగ్రాఫర్ 1950ల మధ్యలో అమెరికా అంతా తిరిగి సుమారు 28,000 ఫ్రేములు తీశాడు. ఆ ఫోటోలతో వేసిన పుస్తకంలోకి వెళ్లినవి 83. మిగతావన్నీ చెడ్డవని కాదు, వదులుకోవడం తెలిసింది. గ్యారీ వినోగ్రాండ్ అనే ఇంకో ఫోటోగ్రాఫర్ అయితే రీళ్లను కావాలనే ఏడాదికి పైగా కడగకుండా దాచేవాడు. తీసినప్పటి సంతోషం ఫోటోకు అంటుకుని ఉంటుందని, అది వదిలిపోయాక చూస్తే గానీ ఫోటోలో నిజంగా ఏముందో తెలియదని ఆయన నమ్మకం. 1984లో చనిపోయేనాటికి కడగని రీళ్లే సుమారు 2,500 మిగిలాయి. మొదటి నియమం నాకు నచ్చుతుంది, రెండో అంకె భయపెడుతుంది. నేను నానమ్మ ఫోటోల్లోంచి ఒకటి ఎంచడానికి ఇప్పటికీ తడబడతాను, ఎందుకంటే ఆ రోజు ఆమె విసుక్కున్న మాటలు నాకు వినిపిస్తూనే ఉంటాయి. మా అక్క కూతురు నానమ్మను చూడలేదు. అది ఒక్క నిమిషంలో ఎంచేసింది, సరైనదే ఎంచింది.

ఆ పిల్ల నన్ను ఇంకో చోట కూడా దాటిపోయింది. పాత ఫిలమెంటు బల్బు మసకబారే కొద్దీ ఎర్రబడుతుంది, ఆ రంగును బట్టి వెలుతురు ఎంత తగ్గిందో నేను చెప్పగలను. ఎల్‌ఈడీ దీపాలను తగ్గించినా చాలావాటికి రంగు మారదు. ఇన్నేళ్లుగా నేను నమ్ముకున్న ఆనవాలు పోయింది. ఎల్‌ఈడీ గదుల్లో ఒకటి, ఒకటిన్నర స్టాపు తప్పు చెబుతూనే ఉన్నాను. ఆ పిల్ల మాత్రం ఠకీమని చెప్పేస్తుంది. ఎలా అని అడిగితే, ఎదుటి మనిషి కనుపాప ఎంత విప్పారిందో చూస్తుందట. ఇప్పుడు నేనూ ప్రయత్నిస్తున్నాను. ముదురు గోధుమరంగు కళ్లలో పాప అంచు ఎక్కడుందో పట్టుకోవాలంటే బాగా దగ్గరికి వెళ్లాలి, దగ్గరికి వెళితే నా తల నీడ వాళ్ల ముఖం మీద పడుతోంది.